కంటి డబ్బాకు చెప్పని పేరు

ఎండలకు తాళలేక ఊరంతా బొగ్గు బాయిలోకి దిగిన ఇరవై తొమ్మిదో ఏడు. జ్యేష్ఠ శుద్ధ విదియ

మైసమ్మ గూట్లో నూనె దీపం వెలిగించి, దణ్ణం పెట్టుకుని, దీపాల గది తలుపు తీశాను. రెండు వందల పదకొండు టోపీ దీపాలూ కరెంటు తాగి సిద్ధంగా ఉన్నాయి. నూట ముప్పై ఎనిమిదో దీపం పట్టీ తెగితే కుట్టాను. మూలన మేకుకు రెండు వందల పన్నెండోది ఎప్పటిలాగే వేలాడుతోంది. అది మా అత్తమ్మది. ఆమె చూపు పోయాక ఎవరికీ ఇవ్వలేదు. దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టాను.

ఈ రోజు రెండో లెవెల్ ఇళ్ళ వంతు. నెలకొకసారి ప్రతి మనిషీ దీపం తీసుకునే ముందు కంటి డబ్బాకు గడ్డం ఆనించాలి. అది కంటి వెనక నరాన్ని ఫోటో తీసి, ఆ మనిషి మొదటి ఫోటోతో పోల్చి చూసుకుని, బాగుంటేనే దీపం కొక్కెం వదులుతుంది. ఆ నరాన్ని తినేసే జబ్బును డాక్టరమ్మ గ్లాకోమా అంటుంది. నాకంటే ముందు ఈ గదిని చూసిన లింగయ్య తాత నీటికాసులు అనేవాడు. నొప్పి ఉండదట. పక్క చూపును ముందు తినేసి, తర్వాత నడిమి చూపుకు వస్తుందట.

లచ్చక్క గడ్డం ఆనించి ఊరుకోలేదు.

"సుగుణా, ఈ డబ్బా నా కండ్లు జూసుడే గని, నా మొగని కండ్లు ఎప్పుడు మంచిగ జూస్తదే? నేను ఎదురుంగ నిలవడ్డా కనవడనట్టే పోతడు."

"కదలవద్దు," అంది డబ్బా. కాసేపాగి, "మార్పు లేదు. దీపం తీసుకోవచ్చు," అంది.

"మార్పు లేదంట! ముప్పై ఏండ్లకెల్లి గదే కథ," అని నవ్వుకుంటూ దీపం నెత్తిన పెట్టుకుని, మనుషుల్ని పైకి మోసే కేజ్ వైపు వెళ్ళిపోయింది. చీకటితోనే పైకి పనికి వెళ్ళిన దీపాలు నూట తొంభై. పైన ఎండ ముదరకముందే, తొమ్మిదింటి లోపల అన్నీ తిరిగి వచ్చాయి.

రోజూ నాలుగు ముక్కలు రాయమని బాయి పెద్దసారు ఈ పుస్తకం ఇచ్చారు. నేను కాస్త ఎక్కువే రాస్తాను. పదో తరగతి దాకా చదివిన చదువు, ఊరికే పోనివ్వడం ఎందుకు?

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

మా పిల్ల గువ్వ ఈ రోజు మామిడి తొక్కు జాడీ పగలగొట్టింది. జాడీ దాని ఎడమ పక్కనే, ఎప్పుడూ ఉండే చోటే ఉంది. మోచేయి తగిలి కింద పడింది. పైన నీడపందిట్లో ఈ ఏడు కాసినవి నలభై కాయలు. అందులో మాకు వచ్చినవి మూడు.

"కండ్లు యాడ వెట్టుకున్నవే?" అన్నాను.

"ధ్యాస గంట మీద ఉన్నదమ్మా," అంది. నిజమే, పిల్లకు అదే ధ్యాస. ఆషాఢ పున్నమి నాడు గంట పనికి పరీక్ష ఉంది. కేజ్ ఎక్కే చోట నిలబడి గంట కొట్టే పని అది. కుడి నుంచి మనుషులు వస్తారు, ఎడమ నుంచి గడ్డి బండ్లు వస్తాయి. రెండు వైపులా చూసి, దారి ఖాళీ అని రూఢి చేసుకుని మూడు గంటలు కొడితేనే కేజ్ కదులుతుంది. పదిహేడేళ్ళకు ఆ పని దొరికితే ఈ బాయిలో దానంత చిన్న గంట మనిషి ఇంతవరకూ లేదు.

ముక్కలు ఏరుతుంటే మంచం మీద నుంచి అత్తమ్మ అడిగింది.

"ఏ దిక్కు తాకింది?"

"ఎడమ దిక్కు, అత్తమ్మా."

గువ్వ అడుగుల చప్పుడు వైపు చెవి పెట్టింది.

జ్యేష్ఠ బహుళ తదియ

మూడు రోజులుగా అత్తమ్మ అన్నం సరిగ్గా తినడం లేదు. మధ్యాహ్నం పుట్టగొడుగుల తట్టలకు నీళ్ళు చల్లి వచ్చేసరికి నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"పోరి నడక ఇంటున్నవా?" అంది.

"ఏమైంది, అత్తమ్మా?"

"గోడకు చెయ్యి రాసుకుంట నడుస్తున్నది. ఎడమ చెయ్యి. దానికి ఎరుకలేదు. మలుపు కాడ ఆగి, తల మొత్తం తిప్పి, అప్పుడు అడుగు ఏస్తున్నది. నేను గట్లనే నడిచిన సుగుణా. నా కండ్లు వొయ్యే ముంగట రెండేండ్లు గట్లనే నడిచిన."

నేను కోడలిగా వచ్చిందీ, ఊరు బాయిలోకి దిగిందీ ఒక్క ఏడాదే. నాలుగేళ్ళలో ఆమెకు చూపు పోయింది. చీకటి వల్ల అనుకున్నాం. అప్పట్లో దీపాలు తక్కువ, అందరం తడుముకుంటూనే నడిచేవాళ్ళం. ఎవరికి చూపు లేదో, ఎవరికి వెలుతురు లేదో ఎలా తెలుస్తుంది?

"ఎల్లుండి మన లెవెల్ వంతే కదా, అత్తమ్మా. డబ్బా చూస్తుంది. ఏమన్నా ఉంటే అదే చెప్తుంది," అన్నాను.

ఆమె నా చేయి వదలలేదు. ఆమె వేళ్ళు ఎప్పుడూ వెచ్చగా ఉంటాయి.

జ్యేష్ఠ బహుళ పంచమి

గువ్వ గడ్డం ఆనించింది. నేను స్వామిని తలుచుకున్నాను.

"మార్పు లేదు. దీపం తీసుకోవచ్చు."

కొక్కెం వదిలింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఇంటికి పరుగున వెళ్ళి అత్తమ్మకు చెప్పాను. పంపుల దగ్గరి నుంచి అప్పుడే వచ్చిన మా ఇంటాయన కూడా, "ఇగ మంచిగ తిను అవ్వా," అని తల్లిని బతిమాలాడు.

అత్తమ్మ ముఖం తేలికపడలేదు. "డబ్బా మంచిదే కావచ్చు బిడ్డా. నా చెవులు గూడ మంచియే," అంది.

జ్యేష్ఠ బహుళ దశమి

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున గువ్వ కేజ్ దగ్గర గంట నేర్చుకుంటోంది. కుడి వైపు చూసింది, ఎడమ వైపు చూసింది, ఖాళీ అనుకుని తాడు పట్టుకుంది. ఎడమ నుంచి గడ్డి బండి వస్తూనే ఉంది. బండికి ఎర్ర దీపం కూడా ఉంది. లచ్చక్క దాని జబ్బ పట్టి వెనక్కి గుంజకపోతే బండి దాని మీద నుంచే పోయేది.

"ఇంత పెద్ద బండి కనవడలేదా పోరీ? గంట కొట్టుడు కాదు, నీకే గంట కట్టాలె!" అని లచ్చక్క అరిచింది. అరిచి, దాన్ని దగ్గరకు తీసుకుని తనే ఏడ్చింది.

గువ్వ ఏడవలేదు. "అమ్మా, నేను చూసిన. నిజంగ చూసిన. అక్కడ బండి లేదు," అంది.

షిఫ్టు అయ్యాక గది తలుపు దగ్గరికి వేసుకుని, డబ్బాలో దాని పాత ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి తిప్పాను. కంటి వెనక నరం గుండ్రంగా, ఒక గిన్నెలా ఉంటుంది. అంచు మందంగా ఉంటే మంచిదని, గిన్నె లోతై అంచు సన్నబడితే చెడ్డదని నేర్చుకున్నాను. గువ్వ ఫోటోల్లో ఎడమ కంటి గిన్నె ఏటేటా పెద్దదవుతోంది. అంత తేటగా కనిపిస్తుంటే డబ్బా మార్పు లేదని ఎలా అంటోంది?

అన్నిటికంటే వెనక, మొదటి ఫోటో వచ్చింది. అందులో అంచే లేదు. ఒట్టి గిన్నె. దాని కింద ఎనిమిదేళ్ళ నాటి డాక్టరు మాట: "చూపు పూర్తిగా పోయింది. ఈ కంటికి ఇక మందు అక్కర లేదు. ఇంతకంటే చెడితేనే చెప్పాలి."

అది గువ్వ కన్ను కాదు. అత్తమ్మ కన్ను.

తప్పు డబ్బాది కాదు. నాది.

మాకు పన్నెండేళ్ళు పిల్లలు లేరు. మొక్కగా మొక్కగా పుట్టిన ఈ ఒక్క పిల్లకు అత్తమ్మ పేరే పెట్టాం. అత్తగారి పేరు కోడలు నోట పలకకూడదని మా అమ్మ చెప్పింది, పలికితే వాళ్ళ ఆయుష్షు తగ్గుతుందని. నేను ఎన్నడూ పలకలేదు. అందుకే పిల్లను గువ్వ అన్నాను. వాళ్ళ నాన్న తన తల్లి పేరు కదా అని "అవ్వా" అంటాడు. ఊరు కూడా గువ్వ అనే అంది.

పిల్లకు పన్నెండేళ్ళు వచ్చినప్పుడు మొదటిసారి డబ్బా ముందు కూర్చుంది. తన పేరు, ఇంటి నంబరు తనే చెప్పింది. "ఈ ఇంట్లో ఈ పేరుతో ఒకరు ఉన్నారు. వారేనా? కొత్త మనిషైతే దీపాల గది మనిషి స్వయంగా పేరు పలకాలి," అంది డబ్బా. అత్తమ్మ పేరు నమోదు చేసింది లింగయ్య తాత. ఇప్పుడు గది మనిషిని నేను. డబ్బా నా గొంతునే నమ్ముతుంది. వెనక నలభై మంది నిలబడి ఉన్నారు. పెద్దసారును అడిగితే ఇంత చిన్న దానికా అని నవ్వుతారేమో అనిపించింది. పేరు అదే, ఇల్లు అదే, ఏమవుతుందిలే అనుకుని "వారే" అన్న మీట నొక్కాను.

అప్పటి నుంచి ఐదేళ్ళు ఆ డబ్బా నా బిడ్డ కంటిని గుడ్డి కంటితో పోల్చి, అంతకంటే చెడలేదని చెబుతూ వచ్చింది.

మిగిలిన అందరి ఫోటోలూ తీసి చూశాను. తప్పు ఇంకెక్కడా లేదు. ఈ ఊళ్ళో నేను పలకని పేరు అదొక్కటే.

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

పొద్దున అత్తమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆమె నా తల మీద చేయి పెట్టింది. తర్వాత, "నా చీర తియ్యి, పచ్చది. పోదాం," అంది.

కలిసిపోయిన రెండు పేర్లు విడదీయాలంటే ఇద్దరూ డబ్బా ముందుకు రావాలి, నేను ఇద్దరి పేర్లూ పలకాలి. గువ్వ భుజం పట్టుకుని అత్తమ్మ రెండు లెవెల్‌లు ఎక్కి వచ్చింది. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ దీపాల గదిలో అడుగు పెట్టింది. గోడ తడిమి, "నా మేకు ఇక్కడనే ఉన్నది," అంది.

గడ్డం ఆనించింది. "పేరు పలకండి," అంది డబ్బా.

నా నోరు పెగల్లేదు. అనాలనే ఉంది. డబ్బా రెండోసారి అడిగింది. దీపాల కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలో గుమిగూడారు.

"జరుగు, నేనంట," అని లచ్చక్క ముందుకొచ్చి గట్టిగా పేరు చెప్పింది.

"గొంతు సరిపోలేదు," అంది డబ్బా.

"నా గొంతుకేమైందే? ఊరంత ఇనవడ్తది!"

నలుగురూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. అత్తమ్మ గడ్డం తీయకుండానే చేయి చాపి నా కోసం గాలిలో వెతికింది. అందించాను.

"సుగుణా. పొద్దుగాల లేస్తే దేవుణ్ణి వెయ్యి పేర్లు వెట్టి పిలుస్తవ్. ఆయన ఆయుష్షు తగ్గిందా?"

"లేదత్తమ్మా."

"నాకు డెబ్బై ఆరు. ఇగ తగ్గెటిది ఎంత? తగ్గితే తగ్గనీ. ఆ తగ్గింది పోరి కండ్లకు పోసినట్టయితది. అను బిడ్డా."

కళ్ళు మూసుకున్నాను. మైసమ్మను, స్వామిని ఇద్దర్నీ తలుచుకున్నాను.

"ఓదెమ్మ," అన్నాను.

అత్తమ్మ పెదవులు విచ్చుకున్నాయి. నవ్వుతోంది.

"కదలవద్దు," అంది డబ్బా.

"కదలకుంట ఎట్లుంటనే? ముప్పై ఏండ్లకు నా పేరు నా కోడలు నోట ఇన్న," అని డబ్బానే కసిరింది అత్తమ్మ. తర్వాత నావైపు తిరిగి మెల్లగా, "మంచిగనే ఉన్నది గదనే పేరు," అంది.

గువ్వ కూర్చుంది. నేను మళ్ళీ అన్నాను. "ఓదెమ్మ. కొత్త మనిషి." రెండోసారి అనడం అంత కష్టం కాలేదు.

డబ్బా ఈసారి చాలాసేపు తీసుకుంది.

"ఎడమ కంట్లో నరం అంచు బాగా తగ్గింది. కుడి కంట్లో తగ్గడం మొదలైంది. డాక్టరుకు పంపుతున్నాను. దీపం ఇవ్వడం లేదు."

కొక్కెం వదలలేదు.

జ్యేష్ఠ బహుళ త్రయోదశి

నది అవతలి బాయి నుంచి డాక్టర్ నస్రీన్ లైన్లో మాట్లాడింది. ఏదీ దాచలేదు.

"చూడండమ్మా, ఎడమ కంటికి బయటి దిక్కు చూపు పోయింది. పోయింది మళ్ళా రాదు. ఇది ఇంట్లో వచ్చే జబ్బే, నాయనమ్మకు ఉండె కాబట్టి పాపకు వచ్చింది. చుక్కల మందు పంపుతున్నా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒక్క రోజు కూడా తప్పొద్దు. కంటి లోపలి ఒత్తిడి తగ్గకపోతే చిన్న ఆపరేషన్ చేద్దాం. ఇప్పుడున్న చూపు కాపాడుకోవచ్చు. బతుకంతా కాపాడుకోవచ్చు."

"ముందే పట్టుకుని ఉంటే?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"రెండేండ్ల కింద పట్టుకుంటే ఎడమది ఇంకా మిగిలేది. అబద్ధం చెప్పను. కానీ ఇంకో రెండేండ్లు పోతే కుడిది కూడా పోయేది. అది మీ అత్తమ్మ పట్టుకున్నారు."

"గంట పని?" అంది గువ్వ పక్క నుంచి.

"అది వద్దు తల్లీ."

లైన్ ఆగిపోయాక గువ్వ నావైపు చూసింది. తల మొత్తం తిప్పి చూసింది. ఇప్పుడు నాకు అది తెలుస్తోంది.

"ఒక్క పేరు అనలేకనా, అమ్మా?"

నేను చేయి చాపేలోపే లేచి, లోపలి గదిలోకి వెళ్ళి వాళ్ళ బాపమ్మ పక్కన పడుకుంది.

ఆషాఢ శుద్ధ చవితి

మందు వచ్చింది. వారం రోజులుగా గువ్వ నాతో మాట్లాడటం లేదు. చుక్కలు తనే వేసుకుంటానంది. వేసుకుంటే సగం చెంప మీద కారిపోయింది. సీసాలో ఉన్నది నెలకు సరిపడేంతే. వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది, ముఖం మాత్రం బిగించుకునే ఉంది. కింది రెప్ప లాగి ఒక చుక్క వేశాను. కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టుకోమన్నారు. నొక్కి పట్టుకున్నాను.

నిమిషం గడిచింది.

"పిలువు," అంది కళ్ళు మూసుకునే.

"ఏమని?"

"డబ్బాకు చెప్పినట్టు."

"ఓదెమ్మా," అన్నాను.

లోపల మంచం మీద నుంచి అత్తమ్మ "ఓ!" అని పలికింది.

గువ్వ పొట్ట కదిలింది. నవ్వు ఆపుకుంటోంది. ఆగలేదు. చుక్క మందుతో పాటు కన్నీళ్ళు కూడా కారాయి. నేను మరో చుక్క వేయాల్సి వచ్చింది.

ఆషాఢ పున్నమి

గంట పనికి పరీక్ష జరిగింది. ఐదో లెవెల్ మల్లేశం కూతురికి ఆ పని వచ్చింది. గువ్వ వెళ్ళి ఆ పిల్లకు తాడు ఎలా పట్టుకోవాలో చూపించి వచ్చిందని లచ్చక్క చెప్పింది. గువ్వ నాకు చెప్పలేదు.

నిన్న డాక్టరమ్మ మళ్ళీ చూసింది. ఒత్తిడి తగ్గిందట. నీడపందిళ్ళ పనికి పోవచ్చు, కానీ ఎడమ దిక్కు ఒక మనిషి తోడుండాలి అని రాసి పంపింది. ఎవరిని పంపాలా అని ఆలోచిస్తుండగానే, పొద్దున షిఫ్టుకు అత్తమ్మ పచ్చ చీర కట్టుకుని గువ్వతో పాటు దీపాల గదికి వచ్చింది.

"నా దీపం ఇయ్యి," అంది.

లచ్చక్క వెనక నుంచి, "నీకెందుకవ్వా దీపం? నువ్వు చూస్తవా ఏంది?" అంది.

"నేను చూసుటానికి కాదే. నీ అసొంటోళ్ళు ఎదురొస్తే నేను కనవడొద్దా? నీ కండ్లు నీ మొగని మీదనే ఉంటయ్ కదా!"

లచ్చక్క నోరు మూతపడటం ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి చూడటం.

"పోరి ఎడమ దిక్కు నేను నడుస్త," అంది అత్తమ్మ నాతో. "బండి వస్తే దానికి కనవడది. నాకు ఇనవడ్తది. పాతికేండ్లకెల్లి నాకు అదే పని. ఇగ నా కుడి దిక్కు అది చూస్తది. ఇద్దరం కలిస్తె ఒక నిండు మనిషి."

రెండు వందల పన్నెండో దీపం మేకు నుంచి దించాను. నిన్న సాయంత్రమే కరెంటు ఎక్కించి పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు నాకే తెలియదు. కొత్త పట్టీ కుట్టి, ఆమె తలకు బిగించి, మీట నొక్కాను. ఆ వెలుతురు ఆమె కళ్ళకు తెలియదు. చేయి పైకెత్తి గాజు మీద అరచెయ్యి ఆనించి, "ఎచ్చగున్నది," అంది.

గువ్వ ఆమె చేయి తన ఎడమ భుజం మీద పెట్టుకుంది. కేజ్ దగ్గర పరీక్షకు నిలబడ్డ మల్లేశం కూతురు కుడి వైపు చూసి, ఎడమ వైపు చూసి, మూడు గంటలు కొట్టింది. నేను మైసమ్మ గూటి ముందే నిలబడిపోయాను.

ఈ రోజు రాత:

ఓదెమ్మ, మనవరాలు. దీపం ఇచ్చాను.

ఓదెమ్మ, నాయనమ్మ. దీపం ఇచ్చాను.

రెండు పేర్లూ నేనే పలికి, నేనే రాశాను. తొమ్మిది కాకముందే రెండు దీపాలూ తిరిగి వచ్చాయి.